మునిగి తేలిన వరికి ఎండాకు తెగులు ఎందుకు తోడవుతుంది?

కృష్ణా డెల్టాలో ఊడ్చిన నెల లోపే మీ సాంబ మసూరి చేను తొమ్మిది రోజులు పూర్తిగా నీట మునిగిందని, పక్క చేనులోని, ముంపును తట్టుకునే స్వర్ణ-సబ్1 రకం మళ్ళీ పచ్చబడితే మీ చేనులో చాలా దుబ్బులు చనిపోయాయని, నీరు దిగిన మరునాడే యూరియా చల్లినా ఫలితం కనిపించకపోగా ఇప్పుడు మిగిలిన దుబ్బుల ఆకులు అంచుల వెంబడి పసుపు తిరిగి కొనల నుంచి ఎండుతున్నాయని మీరు రాశారు. తనకు ఆపద వచ్చిందని మొక్కకు ఎలా తెలుస్తుందని, ముంపును తట్టుకునే రకం తెగుళ్ళను కూడా తట్టుకుంటుందా అని అడిగారు. రెండో ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను: ముంపును తట్టుకున్నంత మాత్రాన తెగులును తట్టుకుంటుందని అనుకోకూడదు. మొక్క ఒక్కొక్క ఆపదను ఒక్కొక్క విధంగా ఎదుర్కొంటుంది. ఎదుర్కొన్న ప్రతిసారీ ఆకులలో, కాండంలో దాచుకున్న పిండిపదార్థాన్ని, చక్కెరలను ఖర్చు పెట్టుకుంటుంది. ఈ ఖర్చు లెక్క అర్థమైతే మీరు చల్లిన యూరియా ఎందుకు పనిచేయలేదో, ఎండాకు తెగులు ఎందుకు వచ్చిందో రెండూ తేటపడతాయి.

ముందు ముంపు సంగతి చూద్దాం. వరి నీటిలో పెరిగే పంట కాబట్టి ముంపు దానికి లెక్కలోది కాదని చాలామంది అనుకుంటారు. వేళ్ళు నీటిలో ఉండటం వేరు, మొక్క మొత్తం మునగడం వేరు. ఆకు కొన గాలిలో ఉన్నంతకాలం అక్కడి నుంచి ఆక్సిజన్ కాండంలోని గాలి గదుల గుండా వేళ్ళ వరకు దిగుతుంది. మొక్క పూర్తిగా మునిగితే ఆ దారి మూసుకుపోతుంది. వాయువులు గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతాయి. అందువల్ల బయటి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాలేవు; మొక్క తనలో తయారుచేసుకునే ఇథిలీన్ వాయువు బయటికి పోలేదు. ఆకు చుట్టూ పోగుపడే ఈ ఇథిలీనే మొక్కకు అందే మొదటి కబురు. కంటికి కనిపించే మార్పులు రాకముందే, గంటల వ్యవధిలోనే, తాను మునిగానన్న సంగతి కణాలకు దీని ద్వారా తెలిసిపోతుంది.

ఆక్సిజన్ తగ్గుదలను పసిగట్టే ఏర్పాటు మరొకటి ఉంది. మొక్క కణాలలో కొన్ని నియంత్రక ప్రోటీన్లు నిత్యం తయారవుతూనే ఉంటాయి, ఆక్సిజన్ ఉన్నంతసేపు వెంటవెంటనే నశిస్తూనే ఉంటాయి. ఆక్సిజన్ తగ్గితే వాటి నాశనం ఆగిపోతుంది. అవి పోగుపడి, గాలి లేకుండా బతకడానికి కావలసిన జన్యువులను మేల్కొలుపుతాయి. ఈ సంగతి 2011లో వెలుగులోకి వచ్చింది. గాలి లేకుండా బతకడం అంటే పులియబెట్టే పద్ధతిలో శక్తి తీసుకోవడం. ఆక్సిజన్ ఉన్నప్పుడు ఒక గ్లూకోజ్ అణువు నుంచి ముప్పై వరకు ఏటీపీ అనే శక్తి అణువులను రాబట్టగల కణానికి అప్పుడు దక్కేవి రెండే. అంతే పని జరగాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ చక్కెర కరిగిపోవాలి. పైగా బురద నీటిలో వెలుతురు సరిగా సోకదు కాబట్టి కొత్త చక్కెర తయారు కాదు. అందుకే అన్నేసి రోజులే మునిగినా తేటనీటిలో మునిగిన చేను బతికి, ఎర్రటి వరద నీటిలో మునిగినది చనిపోవడం మనం చూస్తుంటాం.

ఒక సంగతి మీరే స్వయంగా చూడవచ్చు. ఆరోగ్యంగా ఉన్న వరి ఆకును తేటనీటిలో ముంచి పక్క నుంచి చూస్తే దాని పైభాగం వెండిలా మెరుస్తుంది. ఆకు మీది సన్నని మైనపు పొర నీటిని అంటనివ్వకపోవడం వల్ల అక్కడ పలుచని గాలి పొర నిలుస్తుంది; ఆ మెరుపు దానిదే. మునిగిన తొలి రోజులలో ఆకు ఆ పొర ద్వారానే కాస్త ఊపిరి తీసుకుంటుంది. కొన్ని రోజులకు మైనం దెబ్బతిని పొర చెదిరిపోతుంది, మెరుపు పోతుంది, ఆ తర్వాత మొక్క పూర్తిగా తన నిల్వల మీదే ఆధారపడుతుంది.

ఇక మీ చేనుకు, పక్క చేనుకు తేడా ఎక్కడ వచ్చిందో చూద్దాం. ఇథిలీన్ కబురు అందగానే సాంబ మసూరి వంటి మామూలు రకాలలో జిబ్బరెలిన్ అనే హార్మోను ప్రభావం పెరిగి ఆకులు, కాండం వేగంగా సాగుతాయి. ఎలాగైనా నీటి పైకి తల ఎత్తాలన్నది మొక్క ప్రయత్నం. నీరు మోకాలి లోతు ఉండి రెండు మూడు రోజులలో తీసే పక్షంలో ఈ ప్రయత్నం ఫలిస్తుంది. నిలువెత్తు నీరు వారం దాటి నిలిస్తే ఉన్న చక్కెర అంతా సాగడానికే ఖర్చై, నీరు దిగేనాటికి మొక్క పలుచగా, పాలిపోయి, నిలబడే సత్తువ లేక బురదలో పడిపోతుంది. మీ చేనులో పడిపోయిన మొక్కలు పక్క చేనువాటి కంటే పొడవుగా ఉండి ఉంటాయి. ఇది గమనించారో లేదో మీరు రాయలేదు.

ఒడిశా నాటు రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్13ఎ అనే వరిలో ఇందుకు పూర్తిగా భిన్నమైన నడత ఉంది. దానిలోని సబ్1ఎ అనే జన్యువు ఇథిలీన్ కబురు అందగానే మేల్కొని, జిబ్బరెలిన్‌కు అడ్డుపడే ప్రోటీన్లను పెంచి, సాగుదలను ఆపివేస్తుంది. మొక్క ఎదుగుదల మానుకుని, పత్రహరితాన్ని, చక్కెరను పొదుపు చేసుకుంటూ సుమారు రెండు వారాల వరకు నీటి అడుగున ఓపిక పడుతుంది. ఈ జన్యువును 2006లో గుర్తించారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దానిని మన మార్టేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029 రకంలోకి సంకరణం ద్వారా చేర్చారు. అలా వచ్చిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం ఏమిటంటే, నెలల తరబడి లోతు నీరు నిలిచే ప్రాంతాలలో పండే లోతట్టు వరి రకాలు ఇదే ఇథిలీన్ కబురుకు సరిగ్గా వ్యతిరేకంగా స్పందిస్తాయి. వాటిలోని స్నార్కెల్ జన్యువులు కాండాన్ని రోజుకు 20 సెంటీమీటర్లకు పైగా కూడా సాగదీయగలవు. ఒకే పంట, ఒకే కబురు, రెండు వ్యతిరేక నిర్ణయాలు. ఏ నేలలో వరద ఎలా వచ్చి ఎలా పోతుందో దానిని బట్టి రెండూ సరైనవే.

అందువల్ల స్వర్ణ-సబ్1 అన్ని ముంపులకూ మందు అని భావించవద్దు. పిలక దశలో వచ్చి రెండు వారాల లోపు పోయే ముంపుకే అది రక్షణ. సగం కాండం వరకు నెలల కొద్దీ నీరు నిలిచే మురుగు చేలలో పొడవు సాగకపోవడమే దానికి లోపమవుతుంది. వెదజల్లిన గింజ మొలకెత్తక ముందే నీరు నిలిస్తే సబ్1ఎ ఆదుకోదు. ఆ సామర్థ్యం వేరే జన్యువులది. పూత దశలో మునిగినా అది పెద్దగా కాపాడలేదు.

నీరు దిగడంతో ఆపద తీరిందని మనం అనుకుంటాం కానీ మొక్కకు అసలైన గడ్డుకాలం ఆ రెండు మూడు రోజులే. చీకటికి, తక్కువ ఆక్సిజన్‌కు అలవాటుపడిన ఆకుల మీద ఒక్కసారిగా ఎండ, గాలి పడేసరికి కణాలలో హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి చురుకైన ఆక్సిజన్ రూపాలు ఉప్పొంగి పొరలను కాల్చివేస్తాయి. దెబ్బతిన్న వేళ్ళు నీటిని పైకి పంపలేవు కాబట్టి పాదాల దగ్గర నీరు ఉండగానే ఆకు చుట్టుకుపోయి వాడుతుంది. సబ్1ఎ ఉన్న మొక్కలు ఈ రెండు దెబ్బలను కూడా కొంత మెరుగ్గా తట్టుకుంటాయని 2011లో తేలింది. మామూలు రకానికి ఆ వెసులుబాటు లేదు. సరిగ్గా ఈ స్థితిలో మీరు యూరియా చల్లారు. యూరియా నుంచి వచ్చే అమ్మోనియాను మొక్క ప్రోటీనుగా మార్చుకోవాలంటే చక్కెర కావాలి, శక్తి కావాలి, పనిచేసే వేరు కావాలి. మీ మొక్క దగ్గర ఆనాడు మూడూ లేవు. ఎరువు చాలావరకు నీటిలో, గాలిలో కలిసిపోయి ఉంటుంది. అందిన కొద్దిపాటి నత్రజని కూడా ఆకును మెత్తబరచి తెగులుకు అనువుగా చేసి ఉంటుంది.

యూరియా అసలు వేయకూడదని నేను అనడం లేదు. వేళ తప్పిందని అంటున్నాను. నీరు తీసిన తర్వాత పలుచగా మాత్రమే నీరు ఉంచి, అయిదు నుంచి ఏడు రోజులు ఆగి, మొవ్వు నుంచి కొత్త ఆకు పచ్చగా బయటికి వచ్చిందని చూసుకున్న మీదట, ఎకరాకు 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ అదనపు మోతాదుగా వేయడం మంచిది. దుబ్బు బతికిందో లేదో ఆకును చూసి తేల్చవద్దు. మొదలు దగ్గర కాండాన్ని గోరుతో చీల్చి చూడండి: లోపలి మొవ్వు తెల్లగా గట్టిగా ఉంటే ఆకులన్నీ కుళ్ళినా ఆ దుబ్బు తిరుగుతుంది, గోధుమ రంగులో మెత్తగా నలిగితే దాని మీద ఆశ వదులుకోవాలి. వేళ్ళు నల్లబడి కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంటే ఎరువు కంటే ముందు మురుగు తీయడం, చేను ఒకటి రెండు రోజులు ఆరగట్టడం అవసరం.

ఇప్పుడు ఎండాకు తెగులు. మీరు చెప్పిన లక్షణాలు దానివేనని నాకు అనిపిస్తోంది; అయినా పొటాష్ లోపం, ఉప్పు దెబ్బ కూడా ఆకు కొనలను ఎండబెడతాయి కాబట్టి ఒక చిన్న పరీక్ష చేసి నిర్ధారించుకోండి. పచ్చభాగం, ఎండుతున్న భాగం కలిసే చోట ఆకును కత్తిరించి, కత్తిరించిన కొనను గాజు గ్లాసులోని తేటనీటిలో కదలకుండా నిలిపి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. కొన్ని నిమిషాలలో కోసిన చోటు నుంచి పాలవంటి పలుచని దారం కిందికి జారితే అది బాక్టీరియా. లోపం వల్ల ఎండిన ఆకు నుంచి అటువంటిదేమీ రాదు.

ఈ బాక్టీరియా పేరు శాంథోమోనాస్ ఒరైజే. తెల్లవారుజామున ఆకు అంచుల మీద ముత్యాల్లా నిలిచే నీటిబొట్లు మీరు చూసే ఉంటారు. ఆ బొట్లు కారే సూక్ష్మ రంధ్రాల గుండా, గాలివానకు ఆకులు రాసుకుని ఏర్పడిన గాయాల గుండా అది లోపలికి పోయి నీటి నాళాలలో పెరుగుతుంది. వరద ఆకులను చీలుస్తుంది, బాక్టీరియాను చేను నుంచి చేనుకు మోస్తుంది. ముంపు వెనుకనే ఈ తెగులు రావడానికి మొదటి కారణం ఇది. రెండో కారణం మొక్క లోపల ఉంది.

బాక్టీరియా చేసే పని నిజంగా తెలివైనది. తనలో తయారైన ప్రోటీన్లను సూదితో గుచ్చినట్లు వరి కణంలోకి పంపుతుంది. అవి కణకేంద్రకంలోకి చేరి స్వీట్ అనే వర్గపు జన్యువులను అదేపనిగా పనిచేయిస్తాయి. ఆ జన్యువుల పని కణం లోపలి చక్కెరను బయటికి పంపడం. మొక్క తన కంకి కోసం, వేరు కోసం వాడుకోవలసిన చక్కెర అలా కారిపోయి బాక్టీరియాకు ఆహారమవుతుంది. ముంపులో చక్కెర హరించుకుపోయి కోలుకోవాలని చూస్తున్న మొక్కకు ఈ రెండో దోపిడీ ఎంత నష్టమో మీరే ఊహించవచ్చు.

దీనిని తట్టుకునే రకాలలో ఏం జరుగుతుందో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఎక్స్ఎ13 అనే జన్యువు నిజానికి ఒక స్వీట్ జన్యువుకే మారిన రూపం. బాక్టీరియా ప్రోటీను అతుక్కోవలసిన చోటు మారిపోవడం వల్ల దాని ఆజ్ఞ అక్కడ చెల్లదు. ఎక్స్ఎ5 ఉన్న మొక్కలో, ఆ ఆజ్ఞను అమలుచేయడానికి బాక్టీరియా వాడుకునే మొక్క ప్రోటీనే కొద్దిగా మారి ఉండి సహకరించదు. ఎక్స్ఎ21 తీరు వేరు: అది కణం పైపొర మీద కాపలా ఉండి బాక్టీరియా విడిచే ఒక చిన్న ప్రోటీను ముక్కను గుర్తుపట్టి రక్షణ చర్యలను మొదలుపెడుతుంది. ఆఫ్రికా అడవి వరి ఒరైజా లాంగిస్టామినాటా నుంచి వచ్చిన ఈ జన్యువును 1995లో వేరుచేశారు. ఈ మూడింటినీ హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలక కార్యాలయం, అంటే నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ, కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీతో కలిసి బాపట్ల సాంబ మసూరిలో (బీపీటీ 5204) చేర్చింది. 2008లో విడుదలైన ఆ రకమే ఇంప్రూవ్డ్ సాంబ మసూరి. గింజ సన్నదనం, అన్నం రుచి బీపీటీ 5204వే. ఎండాకు తెగులును మాత్రం బాగా తట్టుకుంటుంది. అయితే దానిలో సబ్1ఎ లేదు, నీరు వారం దాటితే అది కూడా మీ చేను మాదిరే చనిపోతుంది. మీ రెండో ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు. ఇటువంటి వేర్వేరు జన్యువులను ఒకే రకంలో చేర్చే పని ప్రస్తుతం అనేక పరిశోధన కేంద్రాలలో జరుగుతోంది.

రక్షణ మార్గాలు ఒకదానికొకటి అడ్డుపడటం కూడా ఉంది, రైతుకు ఇది తెలియడం చాలా అవసరం. నీరు తక్కువైతే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి పత్ర రంధ్రాలు మూసుకుంటాయి. నీరు ఆదా అవుతుంది, కానీ కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాక ఆహార తయారీ కుంటుపడుతుంది. అదే అబ్సిసిక్ ఆమ్లం, శిలీంద్రాలను ఎదిరించే శాలిసిలిక్ ఆమ్ల మార్గాన్ని వరిలో అణచివేస్తుంది. బెట్టకు గురైన మెట్ట వరిలో శిలీంద్రం వల్ల వచ్చే అగ్గితెగులు ఉద్ధృతంగా రావడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆకులు కొరికే పురుగుల మీద పనిచేసే జాస్మోనిక్ ఆమ్ల మార్గానికి కూడా మిగతా మార్గాలతో ఇటువంటి పొత్తులు, పేచీలు ఉన్నాయి. మొక్క చేతకానితనం అని దీనిని అనుకోకూడదు. ఉన్న కొద్దిపాటి చక్కెరను ముందుగా ప్రాణం మీదికి వచ్చిన ఆపదకు కేటాయించడం దాని స్వభావం.

సుడిదోమ విషయంలో మనం చేసే పొరపాట్లు ఈ స్వభావాన్ని మరింత దెబ్బతీస్తాయి. దోమ గుడ్లు పెట్టి రసం పీల్చిన వరి మొక్క కొన్ని వాసన పదార్థాలను గాలిలోకి విడిచి, ఆ గుడ్లలో తన గుడ్లు పెట్టే అనాగ్రస్ అనే అతిసూక్ష్మ కందిరీగను రప్పించుకుంటుంది. ఖర్చు తక్కువైన, ఫలితం ఎక్కువైన రక్షణ ఇది. ఆ కందిరీగలను, సాలీళ్ళను సింథటిక్ పైరెత్రాయిడ్ మందులతో చంపివేస్తే దోమ తగ్గినట్టే తగ్గి రెట్టింపై తిరిగి వస్తుంది. నత్రజని ఎక్కువైన మొక్కలో రసం బలంగా ఉండి దోమ గుడ్ల సంఖ్య పెరుగుతుంది. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలమని చెప్పేది దుబ్బుల మొదళ్ళకు గాలి, వెలుతురు తగలాలనే.

దాళ్వా (రబీ వరి) వేసేవారికి మరొక మాట. వరి పూలు పగటిపూట గంటసేపు మాత్రమే విచ్చుకుంటాయి. ఆ సమయంలో 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలక తాలు గింజలు పెరుగుతాయి. రాత్రి వేడి దానికంటే కనిపించని దెబ్బ తీస్తుంది: పగలు సంపాదించిన చక్కెరను శ్వాసక్రియ రాత్రంతా కరిగిస్తూ పోతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాలలో 1992 నుంచి 2003 వరకు నమోదైన దిగుబడి లెక్కలను పరిశీలించినప్పుడు, ఎండాకాలపు పంటలో రాత్రి కనీస ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్లు 2004లో ప్రచురించారు. అందువల్ల దాళ్వా నాట్లు ఆలస్యం కాకుండా చూసుకోవడం ఏ మందు కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మీ చేనులో ఇప్పుడు చేయవలసినవి చెబుతాను. గ్లాసు పరీక్షలో బాక్టీరియా అని తేలితే యూరియా పూర్తిగా ఆపండి. చిరుపొట్ట దశలో వేయవలసిన వాయిదాను కూడా తెగులు ఆగిన తర్వాతే, తగ్గించి వేయండి. పొటాష్ మాత్రం మానవద్దు. తెగులు సోకిన మడి నీరు పక్క మడికి పారకుండా గట్లు కట్టి, నీటిని నేరుగా మురుగు కాలువలోకి తీయండి. మంచు ఆరకముందు చేలోకి దిగి తిరగవద్దు, తడి ఆకుల మధ్య మనిషి నడకే తెగులును మోస్తుంది. దుకాణంలో శిలీంద్రనాశని మందు ఇస్తే తీసుకోవద్దు, అది బాక్టీరియా మీద పనిచేయదు. ఖాళీలు ఎక్కువగా ఉన్నచోట, తెగులు లేని దుబ్బులలో బాగా పిలకలు వేసినవాటి నుంచి కొన్ని పిలకలను వేరుచేసి నాటండి. ఊడ్చిన నాటి నుంచి నలభై రోజులు దాటితే ఆ పని వల్ల ప్రయోజనం తక్కువ.

వచ్చే సార్వాకు (ఖరీఫ్ వరికి) రకం ఎంచుకునే ముందు మీ చేనులో నీరు సాధారణంగా ఎన్ని రోజులు నిలుస్తుందో, పైరు ఏ దశలో ఉండగా వస్తుందో గుర్తుచేసుకోండి. వరద ప్రతి ఏటా కాకుండా అరుదుగా వచ్చే మెరక చేను అయితే ఇంప్రూవ్డ్ సాంబ మసూరి మీకు సరిపోతుంది. పిలక దశలో వారం పది రోజులు మునగడం మామూలే అయితే సబ్1ఎ ఉన్న రకమే వేసి, ఎండాకు తెగులు విషయంలో మొదటి నుంచీ నత్రజనిని మూడు వాయిదాలుగా పంచి జాగ్రత్తపడండి. మీ చేను లోతు, మురుగు కాలువ ఎంత దూరంలో ఉందో, గ్లాసు పరీక్షలో ఏమి కనిపించిందో తెలియజేస్తే ఏ రకం అనువైనదో ఇంకా కచ్చితంగా చెప్పగలను.